గ్లాసెడు బోండం నీళ్లు

నా నోట్లో మిగిలింది ఒక్క మాట. సాంబారు.

దేవుడి పేరు మిగిలినా కాస్త పుణ్యం వచ్చేది. కూతురి పేరు మిగిలినా మురిసిపోయేదాన్ని. అవేవీ కావు, సాంబారు. మాదాపూర్ సందులో ఇరవై రెండేళ్లు మెస్ నడిపాను. నా పచ్చిపులుసు కోసం మెళ్లో కంపెనీ బిళ్లలు వేలాడేసుకున్న పిల్లలు ఎండలో నడిచొచ్చి వరసలో నిలబడేవాళ్లు. సాంబారంటే నాకు చిన్నప్పటి నుంచీ గిట్టదు. అడిగేవాళ్లున్నారని వండి పెట్టానే తప్ప ఒక్కనాడూ నా కంచంలో పోసుకోలేదు. పక్షవాతం వచ్చి నా మాటలన్నీ ఊడ్చుకుపోతూ సరిగ్గా దాన్నే వదిలిపెట్టి పోయింది. ఫ్యాన్ ఆపమన్నా సాంబారే, దుప్పటి కప్పమన్నా సాంబారే, ఒళ్లు మండి తిట్టినా సాంబారే.

లోపల మాత్రం ఏదీ పోలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నంత సాఫీగా లోపల మాట్లాడుకుంటాను. పళ్ల దాకా వచ్చేసరికి మాట మారిపోతుంది. ఎదుటివాళ్లు వినేది ఆ మారిన మాటనే కాబట్టి నాకు మతి కూడా పోయిందనుకుంటారు. చిన్నపిల్లతో మాట్లాడినట్టు గట్టిగా, సాగదీసి మాట్లాడతారు. నాకు చెవుడు రాలేదురా నాయనా అని అరవాలనిపిస్తుంది. అరిస్తే బయటికి ఏమొస్తుందో మీకు తెలుసు.

మాట పోయిందని నా కూతురు యశస్విని ఏడ్చింది. నేను ఏడ్చింది మింగుడు పోయినందుకు. కుడిచెయ్యి, కుడికాలితో పాటు గొంతులో సగం కూడా చచ్చుబడింది. ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేసి, మూడు గంటలకోసారి పాల లాంటిదేదో సిరంజితో పోసేవాళ్లు. కడుపు నిండేది, నాలుకకు తెలిసేది కాదు. రోజూ రెండొందల మందికి ఉప్పు చూసి వండిన మనిషిని. నాలుక మీద ఏదీ పడకుండా బతకడం కంటే పెద్ద అవమానం నాకు ఇంకోటి లేదు.

ఆ అవమానంలోంచి నన్ను బయటికి లాగింది కళ్యాణి. కూకట్‌పల్లి నుంచి వస్తుంది, గోదావరి పిల్ల, మాట మాటకూ అండి తగిలిస్తుంది. మాట, మింగుడు పోయినవాళ్లకు ఆ రెండూ మళ్లీ నేర్పడం ఆమె ఉద్యోగం. "కనకలక్ష్మిగారూ, ఇప్పుడు మీకు నీళ్లే శత్రువండి" అని మొదటిరోజే చెప్పింది. పలచటిది ఏదైనా గొంతులో మనకంటే ముందే జారిపోతుందట. జారి, పొట్టలోకి పోకుండా ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే నెమ్ము చేస్తుందట. ఒక్కోసారి దగ్గు కూడా రాదు, పోయిన సంగతే తెలియదు. అందుకని ఏది తిన్నా చిక్కగా ఉండాలి, నిటారుగా కూర్చోవాలి, గడ్డం కిందికి దించి మింగాలి. చెంచాకూ చెంచాకూ మధ్య ఇంకోసారి ఉత్త గుటక వెయ్యాలి.

చిక్కగా అంటే ఎంత చిక్కగానో డబ్బాలోని చిక్కబరిచే పొడి కొలుస్తూ కళ్యాణి చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. ఆమె చేతిలో చెంచా లాక్కుని, ఎడమచేత్తో రాగిజావ తీసి వంచి చూపించాను. ధారగా కారితే పలచన. ముద్దగా జారి, చెంచాకు కాస్త పొర అంటుకుని ఉంటే అదీ పాకం. "అయ్యబాబోయ్, నేను నాలుగేళ్లు చదివింది మీరు చెంచాతో చెప్పేశారండీ" అంది. ఆ రోజు నుంచి యశస్విని జావ కలిపి తెస్తే, నేను చెంచా వంచి చూసి, పాకం కుదిరితేనే నోరు తెరిచేదాన్ని.

ఐదో వారంలో ముక్కు గొట్టం కూడా తీశారు గాని, నాకు పండగ అంతకు ముందే వచ్చింది. నోటికి అందిన మొదటి చెంచా జావలో ఉప్పు తక్కువ. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఉప్పు తక్కువని నాకు తెలిసింది.

ఇక మా అన్న సంగతి. పేరు పోచయ్య. అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్లు, ఆయనకు పద్దెనిమిది. బాలానగర్ వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పనిచేసి నన్ను పెంచాడు. జ్వరమొస్తే తల వెనక చెయ్యి వేసి, లేపి మందు తాగించేవాడు. మా ఆయన పోయినప్పుడు, ఏడ్చింది చాలని మెస్ పెట్టించి మొదటి పొయ్యి తనే మోసుకొచ్చాడు. నేనంటే ఆయనకు ప్రాణం. ఆ ప్రేమే నా పీకల మీదికి తెచ్చింది.

మంచాన పడ్డ మనిషిని చూడటానికి బోండం లేకుండా పోవడం మనలో ఉందా? కొత్తగూడ చౌరస్తాలో బండి దగ్గర ఆగి, చేతికి రెండు తగిలించుకుని రావాల్సిందే. తెచ్చినవాళ్లు ఊరుకుంటారా, ఒక్క గుక్కన్నా తాగమంటారు. మా ఫ్రిజ్‌లో కూరగాయలకు చోటు లేక, యశస్విని ఆ నీళ్లను వచ్చినవాళ్లకే గ్లాసుల్లో పోసి ఇచ్చేది. అన్నకు కూడా చెప్పింది, "మామా, అమ్మకు నీళ్లు వద్దన్నరు" అని. అన్న బుద్ధిగా తలూపాడు. నీళ్లు వద్దన్నారు, సరే. బోండం వద్దని ఎవరన్నారు? ఆయన దృష్టిలో అది నీళ్లు కాదు, మందు.

ఒక బుధవారం మధ్యాహ్నం అన్న చందానగర్ నుంచి వచ్చాడు. యశస్విని పక్కగదిలో తలుపు వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆఫీసు కాల్‌లో ఉంది. అన్న బోండం కొట్టి స్టీలు గ్లాసులోకి వంచాడు.

"పెదవులు చూడు ఎట్ల ఎండిపోయినయో. జావ జావ అనుకుంట నిన్ను సంపుతున్నరు గీళ్లు. జర తాగు చెల్లె, పానం సల్లవడ్తది."

"సాంబారు" అన్నాను, వద్దని.

"సాంబారేందే పిచ్చిదాన!" నవ్వాడు. తల వెనక చెయ్యి వేసి, లేపి, గ్లాసు పెదాలకు ఆనించాడు.

అబద్ధం చెప్పను. ఎడమచేత్తో తోశాను గాని గట్టిగా తోయలేదు. ఐదు వారాలుగా నీటిచుక్క ఎరగని గొంతు. ఆ చల్లదనం తగిలేసరికి బుద్ధి గడ్డి తిన్నది. మొదటి రెండు గుటకలు నేనే ఆశపడి మింగాను, మిగతావి ఆయన పోశాడు. దగ్గు రాలేదు. తియ్యగా, హాయిగా పోయింది. ఎక్కడికి పోయిందో ఆ పూట మా ఇద్దరికీ తెలియదు.

గ్లాసు కడిగి బోర్లించి, అన్న నా ముందు నిలబడి పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. "పిల్లకు చెప్పకు, లొల్లి చేస్తది."

ఆ మాట ఎవరితో అన్నాడో అప్పుడు తట్టి ఆయన ముఖం చిన్నబోయింది.

శుక్రవారం పొద్దునకు జ్వరం, రొమ్ములో గురగుర. గచ్చిబౌలిలోని దవాఖానలో చేర్చారు. కుడివైపు ఊపిరితిత్తికి నెమ్ము చేసిందన్నారు. ముక్కులోకి మళ్లీ గొట్టం ఎక్కింది. నాలుగు రోజులకు జ్వరం దిగాక పెద్ద డాక్టరు వచ్చి నా మంచం పక్కన నిలబడి, నన్ను కాకుండా యశస్వినిని చూస్తూ చెప్పాడు.

"నోటితో పెట్టడం తొందరపడి మొదలుపెట్టారు. జావ కూడా ఆమె గొంతు ఆపలేకపోయింది. ఇక నోట్లోకి ఏమీ వద్దు. పొట్టకు చిన్న రంధ్రం చేసి అక్కడే గొట్టం అమరుద్దాం. ఎల్లుండి చేసేద్దాం."

"ఎన్నిరోజులుంటది సార్?"

"చెప్పలేమమ్మా. కొందరికి కొన్ని నెలలు. కొందరికి ఇక అదే."

ఇక అదే. అంటే బతికినన్నాళ్లూ నాలుక మీద ఏమీ పడదు. యశస్విని నా కాళ్ల దగ్గర కూర్చుని, "నేనే పలచగ కలిపిన కావచ్చు" అని వెక్కివెక్కి ఏడ్చింది. నా పిల్ల ఒక్క పూట కూడా పలచగా కలపలేదు, ప్రతి చెంచా వంచి చూసిన నాకు తెలుసు. గొట్టం తీయవచ్చని చెప్పిన పాపానికి కళ్యాణి తల దించుకుని గోడ పక్కన నిలబడింది. అన్న నిలబడ్డాడు, అన్నీ తెలిసిన అన్న. ఏదో ఒకటి చెబుతాడని ఆయన వైపే చూశాను. చెప్పాడు.

"గా పొడి కలిపిన జావతోనే అయ్యుంటది సార్. నేను మొదట్నుంచి మొత్తుకుంటనే ఉన్న."

నాకు పక్షవాతం వచ్చిన రోజు కూడా ఇంత దెబ్బ తగల్లేదు. కావాలని అన్నాడా, నిజంగానే అట్లా నమ్మాడా? సగం సగం అనుకుంటాను. బోండం చెడు చేస్తుందని ఆయన బుర్రకు ఎక్కదు. ఎక్కినా ఒప్పుకునే ధైర్యం లేదు. ఏదైతేనేం, ఆయన మూసుకున్న నోటికి నా నోరు శాశ్వతంగా మూతపడబోతోంది. కోపంతో నా ఎడమకాలు మంచాన్ని తన్నింది. "కాళ్లు లాగుతున్నయా అమ్మా?" అని యశస్విని ఒత్తబోయింది.

మర్నాడు మధ్యాహ్నం సంతకాల కాగితాలు తెచ్చారు. యశస్విని కలం తీసింది. నేను ఎడమచెయ్యి చాపి ఆ కాగితాలు లాక్కుని, పళ్లతో పట్టి రెండుగా చింపాను.

"సాంబారు! సాంబారు! సాంబారు!"

వార్డంతా తిరిగి చూసింది. పెద్ద డాక్టరు ఓపిగ్గా అన్నాడు, "ఇట్లాంటి కేసుల్లో కోపం, మొండితనం మామూలే. ఇంకో సెట్ తీసుకురండి."

మామూలట! వంటింట్లో మాడిన గిన్నె విసిరేసినప్పుడు కూడా నా కోపానికి ఒక కారణం ఉండేది. నేల మీద పడ్డ కలం కోసం చెయ్యి చాపాను. యశస్విని అందించింది. చిరిగిన కాగితం మీద ఎడమచేత్తో గుండ్రంగా గీశాను, పైన స్ట్రా లాంటి చిన్న గొట్టం పెట్టాను. గీత వంకరటింకరగా పోయింది.

"లడ్డూనా అమ్మా? బంతా? బెలూనా?"

అన్న ఒక్కసారి చూసి కిటికీ వైపు తిరిగాడు. ఆయనకు ఒక్కడికే అర్థమైంది.

పక్క మంచం ముసలాయన తల దగ్గర బోండం కనిపించింది. లేకుండా ఎట్లా ఉంటుంది? దాని వైపు వేలు చూపించి, గుండె మీద కొట్టుకున్నాను.

"బోండం కావాల్నా? వద్దమ్మా, నీకు నీళ్లు తాగరాదు" అని యశస్విని నా చెంప నిమిరింది. ఆ క్షణంలో కన్నకూతురిని కొట్టబుద్ధేసింది. ఉన్న ఒక్క దారిలో చెప్పినా, నేను ఆశపోతుదాన్నని మాత్రమే ఆమెకు అర్థమవుతోంది.

గోడ దగ్గర నుంచి కళ్యాణి ముందుకొచ్చింది. "సార్, ఒక్క ఐదు నిమిషాలండి. ఈవిడ ఏదో అడగట్లేదు, ఏదో చెబుతున్నారు."

"చెప్పినా ఎట్లా నమ్ముతాం? మొన్న మా జూనియర్ డాక్టర్లు అడిగితే అవునుకూ కాదుకూ ఒకేలా తలూపింది."

అది నిజమే. నా తల నా మాట వినడం లేదు. చెయ్యి మాత్రం వింటుంది. కళ్యాణి రెండు కాగితాలు తీసి ఒకదాని మీద పెద్ద టిక్కు, ఇంకోదాని మీద ఇంటూ గీసి నా ముందు పెట్టింది. "అవునైతే ఇది, కాదైతే ఇది. తొందర లేదండి. ముందు ఉత్త ప్రశ్నలు. మీ పేరు పద్మావతా?"

పద్మావతి మా మెస్‌లో పనిచేసే ఆమె, నేను మంచాన పడ్డాక రోజూ వచ్చి చూసిపోయేది. ఇంటూ మీద వేలు పెట్టాను.

"మనం ఆసుపత్రిలో ఉన్నామా?" టిక్కు. "నేను మగాణ్ణా?" ఇంటూ. డాక్టరు వాచీ చూసుకోవడం మానేశాడు.

"మీకు బోండం తాగాలనుందా?" ఇంటూ. గోరు గుచ్చుకునేంత గట్టిగా పెట్టాను.

"బోండం గురించి చెప్పాలా?" టిక్కు.

"తాగారా? జ్వరం రాకముందు?" టిక్కు.

యశస్విని ఏడుపు ఆగిపోయింది. కళ్యాణి గొంతు తగ్గించి అడిగింది. "ఎవరైనా తాగించారా? మీ అమ్మాయా?" ఇంటూ. "మెస్‌లో చేసే పద్మావతిగారా?" ఇంటూ. "మీ అన్నయ్యగారా?"

నా వేలు గాల్లో ఆగింది. జీవితంలో మా అన్న మీద నేను ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. మా ఆయన ఉన్నప్పుడు కూడా ఆయన్ని ఒక్క మాట అననివ్వలేదు. కిటికీ దగ్గర ఆయన వీపు కనిపిస్తోంది, చొక్కా చెమటకు తడిసి అంటుకుపోయింది. జాలేసింది. జాలిపడితే రేపు నా పొట్టకు రంధ్రం పడుతుంది.

టిక్కు మీద వేలు పెట్టాను.

అన్న గిరుక్కున తిరిగాడు. "లేదు డాక్టరమ్మా! నేనేం ఇయ్యలే. దానికి మతి సక్కగ లేదు, ఏదంటే దాని మీద ఏలు పెడ్తది."

కళ్యాణి రెండు కాగితాల చోట్లూ మార్చింది. మళ్లీ అడిగింది, ఈసారి వరస తిప్పి. అన్నయ్యగారా? టిక్కు. పద్మావతిగారా? ఇంటూ. అమ్మాయా? ఇంటూ. మూడోసారి మళ్లీ మార్చబోయింది గాని, నేను ఆ కాగితాలు పక్కకు తోసేశాను. ఎడమచెయ్యి నా తల వెనక్కి పెట్టుకుని కొంచెం లేపుకున్నాను. ఆ చెయ్యే తీసి, గ్లాసు వంచినట్టు పెదాల మీదికి వంచాను. తర్వాత అన్న కళ్లలోకి చూస్తూ పెదాల మీద వేలు పెట్టుకున్నాను.

ఆ వేలును ఆయన గుర్తుపట్టాడు. వచ్చి మంచం పట్టె మీద కూలబడ్డాడు.

"ఇచ్చిన. ఒక్క గ్లాసే. పెదవులు ఎండిపోయినయని... గది కూడ నీళ్లే అయితదని నాకు ఎవరు చెప్పిన్రు?"

"మామా!" అని అరిచింది యశస్విని. "నాలుగు రోజుల్నించి నేను ఏడుస్తుంటే చూసుకుంట ఊకున్నవా?"

కళ్యాణి డాక్టరు వైపు తిరిగింది. "ఆవిడకు మతి చక్కగానే ఉందండి సార్. పోయింది మాటొక్కటే. జావ వల్ల కాదు, పలచటి నీళ్లు తాగడం వల్ల వచ్చింది ఇది."

డాక్టరు ఈసారి నన్ను చూశాడు. మొదటిసారి, నన్నే చూసి మాట్లాడాడు. "సరేనమ్మా. రేపు కాదు, ఎల్లుండీ కాదు. నెమ్ము పూర్తిగా తగ్గనిద్దాం. గొంతులోకి కెమెరా వేసి మీరెట్లా మింగుతున్నారో చూశాకే నిర్ణయం." నేను తల ఊపలేదు. దాన్ని నమ్మే పని లేదు. టిక్కు కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాను.

పన్నెండు రోజుల తర్వాత కెమెరా వేశారు. ఆకుపచ్చ రంగు కలిపిన జావ నాతో మింగించి తెర మీద చూశారు. పోవలసిన దారిలోనే పోయింది. ముక్కు గొట్టం తీసి చెత్తబుట్టలో వేస్తుంటే, దానికి సెలవు చెప్పే మాట నా నోట్లో లేనందుకు విచారించాను. చాలా మంచి బూతు ఒకటి లోపల సిద్ధంగా ఉండింది.

ఇంటికొచ్చి వారమైనా అన్న రాలేదు. యశస్విని అయితే, "రాకపోతేనే మంచిది, ఆయన ముఖం చూడ" అని కూర్చుంది. నేను ఆమె ఫోన్ లాక్కుని, అన్న ఫొటో వెతికి, దాని మీద వేలు పెట్టి వాయించాను. "ఎందుకమ్మా?" అంది. మళ్లీ వాయించాను. చివరికి చేసింది.

ఆదివారం పొద్దున్నే వచ్చాడు. చేతుల్లో ఏమీ లేదు. చేతులు ఊపుకుంటూ మా అన్న నా ఇంటికి రావడం అదే మొదలు. చెప్పులు విడవకుండా గడప అవతలే నిలబడ్డాడు.

"తిట్టనీకి పిలిచినవా? తిట్టు. పెద్ద డాక్టరు ముందట నీకు మతి లేదంటి. గా మాట నా నోట్లకెళ్లి ఎట్లొచ్చిందో నాకే తెల్వది చెల్లె."

బోండం తాగించినందుకు నాకు కోపం లేదు, అందులో సగం ఆశ నాది. మతి లేదన్నందుకు ఉంది. ఇప్పటికీ ఉంది, పోతుందన్న నమ్మకం కూడా లేదు. ఆ కోపం ఉండగానే నాకు మా అన్న కావాలి. ఇదంతా చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. ఉన్నా ఇంత బాగా చెప్పేదాన్ని కాదేమో.

కుర్చీ చూపించాను. వచ్చి కూర్చున్నాడు. నా ముందున్న జావ గిన్నె తోసి, చెంచా ఆయన చేతిలో పెట్టాను. యశస్విని గబుక్కున లేచింది. "అమ్మా, వద్దు. నేను పెడ్త." చేత్తోనే ఆగమన్నాను. నాకూ భయం లేకపోలేదు. నిటారుగా సర్దుకుని, గడ్డం దించి, నోరు తెరిచాను.

అన్న చెంచా నిండా తీశాడు. ఆయన ప్రేమ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. చెంచా పెదాల దగ్గరికి రాకముందే ఆయన మణికట్టు పట్టుకుని ఆపి, గిన్నె మీదికి వంచాను. సగం పోయింది. అప్పుడు తీసుకున్నాను. మింగాను. రెండో గుటక వేశాను. ఆయన వెంటనే ఇంకోటి తేబోయాడు, మళ్లీ ఆపాను. నా గొంతు పైకి లేచి కిందికి దిగేదాకా ఆగి, అప్పుడు వదులు చేశాను.

"చెయ్యి ఇడిసిపెట్టరాదే, నేను పెడ్తున్న గద" అన్నాడు. కళ్లలో నీళ్లు కారి గడ్డంలోకి పోతున్నాయి.

విడవలేదు. చెంచా ఆయన పట్టుకున్నాడు, ఆయన చేతిని నేను పట్టుకున్నాను. గిన్నె ఖాళీ అయ్యేదాకా అట్లాగే తిన్నాను.